తోకపిగిలి కాలికి పట్టుపోగు

పెనుకొండ,
నవంబరు 1937

ఏమప్పా చెన్నకేశవా,

ఇక్కడ మేం బాగున్నాం, అక్కడ మీరూ బాగున్నారనుకుంటాను. ఆ తంతు ముగిసింది కనుక అసలు సంగతికి వస్తాను. మా చింతతోపులోకి మళ్ళీ తోకపిగిలి వచ్చింది.

నీకు గుర్తుండాలి. నువ్వు మా ఇంట్లో ఉండి ఈ ఊరి బడిలో చదివిన రోజుల్లో లెక్కల అయ్యవారికి కనబడకుండా మనం పడుకున్న తోపే ఇది. గుప్పెడంత పిట్ట, జానెడు దాటిన తోక. నల్లటి తల, నెత్తిన కుచ్చు, కంటి చుట్టూ నీలపు అంచు. కొమ్మ మీది నుంచి ఎగిరి గాలిలోనే ఈగను పట్టుకుని, ఆ తోకను రెండు రిబ్బన్ల మాదిరి ఆడించుకుంటూ మళ్ళీ అదే కొమ్మకు వస్తుంది. అంత అందగాడికి గొంతు మాత్రం మా తోట కావలివాడిది. "చ్వే, చ్వే" అని ఒకటే కసరడం. చలి మొదలవగానే వస్తుంది, ఎండలు ముదరక ముందే ఎటో పోతుంది. అది గూడు కట్టగా చూసినవాడు మా వైపు లేడు.

ఈ పిట్టల్లో పొడుగు తోకతో ఎర్రది ఒకటి, పొడుగు తోకతో తెల్లది ఒకటి ఉన్నాయి. ఊళ్ళో అందరూ ఇవి రెండు జాతులంటారు. ఒకటే జాతి అని నేనంటాను. పొట్టి తోక ఎర్రవి ఆడవీ, పిల్లలూ. మగది వయసు వచ్చేకొద్దీ ముందు తోక పెంచుతుంది, తర్వాత ఎరుపు వదిలి తెల్లబడుతుంది. ఆడది మాత్రం జన్మంతా ఎరుపే. మా ఆవుకు ఎర్రటి దూడ పుట్టి, ఏడాది తిరక్కుండా తెల్లటి కోడె అయింది. దూడ మారినప్పుడు పిట్ట మారదా? కమలాక్షి అయితే నాకు పనిలేక పిట్టల పెళ్ళిళ్ళు చేస్తున్నానంటుంది. పెళ్ళాం మాటకు నేనెప్పుడూ ఎదురు చెప్పను, వినను కూడా.

మీ తమ్ముడు ఓబులేసు సంగతి ఏమన్నా తెలిసిందా? అమ్మ ఎలా ఉంది?

నీ
హనుమంతరాయుడు

---

ధర్మవరం,
డిసెంబరు 1937

శ్రీ పెనుకొండ పిట్టల దొరవారికి, ధర్మవరం నేతగాడు చెన్నకేశవులు వంగి దండం పెట్టి రాసేది ఏమనగా,

మాఘమాసం పెళ్ళిళ్ళ చీరలు నెత్తిన పడి మేం ఇక్కడ అన్నం తినడానికి కూడా మగ్గం గుంతలో నుంచి లేవడం లేదు. అక్కడ తమరు పిట్ట తోకలు కొలుస్తున్నారని తెలిసి ఆనందించాను. భూమి ఉన్నవాడి బతుకే బతుకు.

రాయుడూ, నువ్వు లెక్కల్లోనే అనుకున్నాను, రంగుల్లో కూడా సున్నాయే. ఉడకబెట్టిన పట్టు తెల్లగా వస్తుంది. దాని మీద ఎరుపు అద్దుతాం. తెల్లది ఎర్రబడిందంటే నమ్ముతాను, అది లోకం తీరు. ఒకసారి ఎరుపు అద్దిన పోగును మళ్ళీ తెల్లగా చేసినవాణ్ణి మా తాత చూడలేదు, మా నాయన చూడలేదు, నేను చూడలేదు. వెలిసిపోతుంది, మాసిపోతుంది, పీలికలైపోతుంది, తెల్లబడదు. దూడ సంగతి నాకు తెలియదు. నీ తెల్ల పిట్ట దొర, ఎర్ర పిట్ట బంట్రోతు అయి ఉండాలి.

ఓబులేసు మాట ఎత్తకు. పెళ్ళిచీర సగం నేసి, మగ్గం మీద అట్లనే వదిలేసి, హిందూపురంలో దిగిన నాటకాల కంపెనీ వెంట పోయినవాడు వాడు. ద్రౌపది వేషమంట! చీరలు నేయడం మాని చీరలు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ముహూర్తానికి చీర అందక ఆ పెళ్ళివాళ్ళు మా గడప ముందు నిలబడి అన్న మాటలు నేను పడ్డాను. ఆ సగం చీరను కోసి పారేశాను. వాడు మళ్ళీ మా గడప తొక్కరాదని కులపెద్దల ముందు చెప్పాను కూడా.

వాడు మారతాడని నువ్వు వెనకటి ఉత్తరాల్లో రాశావు. చిన్నప్పుడు వాడి ఎడమచేతి వాటం మాన్పించాలని మా నాయన ఆ చేతిని మగ్గం గుంజకు కట్టి, కుడిచేత్తో పోగు నడిపే నాడె విసిరించాడు. తాడు విప్పిన మరుక్షణం నాడె మళ్ళీ ఎడమచేతిలోకి వచ్చింది. చేతివాటమే మారనివాడికి బుద్ధి మారుతుందా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.

అమ్మకు చూపు తగ్గింది, నోరు తగ్గలేదు.

చెన్నకేశవులు

---

పెనుకొండ,
డిసెంబరు 1937

చెన్నకేశవా,

నీ ఉత్తరం చదివి కమలాక్షి నవ్వి నవ్వి తాలింపు మాడ్చింది. ఆ మాడిన పప్పు నేను తిన్నాను కాబట్టి నువ్వు నాకు ఒక పందెం బాకీ.

రంగు పోని పట్టుపోగు ఒకటి పంపు. పొడుగు తోక వచ్చిన ఎర్ర మగపిట్టను ఒకదాన్ని పట్టి, కాలికి కట్టి వదిలేస్తాను. ఇవి ఏటా అదే తోపుకు, అదే కొమ్మకు వస్తాయి. మూడు చలికాలాలు చూద్దాం. నీ పోగు కాలికి ఉన్న పిట్ట తెల్లబడి వస్తే నేను గెలిచినట్టు. అప్పుడు నువ్వు ఓబులేసును నీ నోటితో ఇంటికి పిలవాలి. తెల్లబడకపోతే హిందూపురం సంతలో నీ చీరల మూట నెత్తిన పెట్టుకుని, "ధర్మవరం చీరలమ్మా" అని ఆ చివరి నుంచి ఈ చివరికి అరుచుకుంటూ తిరుగుతాను. తలపాగా, మీసం, బుగ్గన తాంబూలం అన్నీ ఉంటాయి. ఎవరు నవ్వినా సరే.

రంగు మారదని అంత గట్టిగా నమ్మేవాడివి, భయమెందుకు?

హనుమంతరాయుడు

---

ధర్మవరం,
డిసెంబరు 1937

రాయుడూ,

ఒప్పుకున్నాను. వాడు యాడ ఉన్నాడో ఎవరికీ తెలియదు, పిలిచినా వినబడదు. కాబట్టి ఓడినా నాకు పోయేదేమీ లేదు. నువ్వు సంతలో అరిచేది మాత్రం నేను చచ్చేలోపు చూడాలి.

ఉత్తరంతో పోగు చుట్టిన చిన్న కండె పంపుతున్నాను. లక్క ఎరుపు, నా చేత్తో అద్దింది. పోగు కుళ్ళినా రంగు పోదు. మరీ బిగించి కట్టకు, పిట్ట కాలు గడ్డిపరక కంటే సన్నం గదా. పందెం కోసం దాన్ని కుంటిదాన్ని చేసిన పాపం నాకొద్దు.

చె.

---

పెనుకొండ,
జనవరి 1938

ఏమప్పా,

పట్టేశాం!

ఈ పిట్టకు మధ్యాహ్నం పూట స్నానం పిచ్చి. బావి నీళ్ళు తోడే కపిల తోలడం ఆపి ఎద్దులను విప్పగానే, బావి తొట్టి మీదికి వంగిన కొమ్మ మీద చేరుతుంది. అక్కడి నుంచి నీళ్ళలోకి ఒక్క దూకు, మళ్ళీ కొమ్మ మీదికి. మళ్ళీ దూకు. తోక తడిసి కర్రలా అయ్యేదాకా అదే ఆట. మేం తొట్టికి అడ్డంగా సన్నటి వల కట్టాం. మా కొత్త సేద్యగాడు దాసప్ప అల్లిన వల అది. కంటికి కనబడనంత సన్నం. మూడో దూకుకు పిట్ట వలలో ఉంది.

చేతిలో పట్టుకుంటే బరువే లేదు చెన్నకేశవా, గుండె కొట్టుకోవడం ఒక్కటే తెలుస్తుంది. నేను కంగారుపడి కాస్త గట్టిగా పట్టుకున్నానేమో, దాసప్ప కసిరాడు. "మెల్లిగన్నా, అట్ల బిగ్గిచ్చి పట్టుకోవాకు, తోక ఇరిగిపోతాది" అన్నాడు. నా వేళ్ళు మొద్దువి కాబట్టి ముడి వాడే వేశాడు. రెప్పపాటు కూడా పట్టలేదు. విడిచిపెడితే కొమ్మ మీదికి పోయి, తోక దువ్వుకుని, మమ్మల్ని నానా మాటలు తిట్టింది.

ఇటుకరంగు ఒళ్ళు, కాలికి లక్క ఎరుపు పోగు. ఇక నువ్వూ నేనూ ఎదురుచూడటమే.

హనుమంతరాయుడు

---

హిందూపురం,
మార్చి 1938

రాయుడూ,

చీరల బేరానికి ఈ ఊరికి వచ్చాను. షావుకారు రేపు రా, ఎల్లుండి రా అంటూ తిప్పుతున్నాడు. పొద్దుపోక రాస్తున్నాను.

సంతమైదానం పక్కన నాటకాల డేరా వేశారు. అదే కంపెనీ. నాకేం పట్టింది గాని, నిన్న అటు నుంచి పోతూ ఉంటే కాళ్ళు నొప్పి పుట్టి లోపల కూర్చున్నాను. టికెట్టు లేకుండా కూర్చోనివ్వరు కాబట్టి టికెట్టు కొన్నాను. ద్రౌపదిగా వచ్చినవాడికి గడ్డం సరిగ్గా గీసుకోవడం కూడా రాదు. చీర కుచ్చెళ్ళు అంతకంటే అధ్వానం. మనవాడైతే కనీసం కుచ్చెళ్ళు బాగా పెట్టేవాడు.

ఆట అయినాక ఊరికే మేనేజరును అడిగాను. "ఆ ఎడమచేతాయనా? జరమొచ్చి పోయిన ఏడాదికి ముందేడే ఇడిసిపెట్టి పాయ గదప్పా. నడ్సుకుంటా పాయ. యాడికని నేనడగలా" అన్నాడు.

జ్వరంతో నడుచుకుంటూ పోయాడంట. ఎటు పోయి ఉంటాడు? మీ వైపు ఏమన్నా విన్నావా? అమ్మకు ఇవన్నీ చెప్పను. నువ్వూ ఎవరితో అనకు.

నేను అడిగానని కూడా అనుకోకు.

చెన్నకేశవులు

---

పెనుకొండ,
ఏప్రిల్ 1938

చెన్నకేశవా,

మన పిట్ట ఉగాదికి ముందు వెళ్ళిపోయింది. పోయే ముందు ఒక వింత జరిగింది. చలికాలమంతా కసిరిన ఆ గొంతుతోనే ఒక పొద్దున్న పాడింది. సన్నగా, తనకు తాను పాడుకున్నట్టు. మేం కపిల ఆపి విన్నాం. గూడు కట్టే చోటికి పోతున్నానన్న సంబరం కాబోలు.

నువ్వు హిందూపురం నుంచి రాసినది చదివాను. దిగులుపడకు. తినేవాడు ఎక్కడో ఒకచోట తింటూనే ఉంటాడు. జ్వరం వచ్చింది అప్పుడెప్పుడో గదా, ఈపాటికి తగ్గి ఉంటుంది. నాకెందుకో తగ్గిందనే అనిపిస్తుంది.

శెనక్కాయలు విత్తడానికి వాన కోసం చూస్తున్నాం.

హనుమంతరాయుడు

---

పెనుకొండ,
డిసెంబరు 1938

నేతగాళ్ళ గర్వానికి,

వచ్చింది! అదే కొమ్మ, అదే బావి తొట్టి, అదే కాలికి నీ పోగు. ఎన్ని కొండలు దాటి పోయిందో, ఎన్ని దాటి వచ్చిందో, దారి తప్పలేదు. మనవాళ్ళు హిందూపురం సంతకు పోయి దారి తప్పుతారు.

నిజం చెప్పాలి కనుక చెబుతున్నాను. ఇంకా ఎరుపే. తోక మాత్రం పోయినేటి కంటే పొడుగైంది. నువ్వు నవ్వుకో, ఇంకో చలికాలం మిగిలే ఉంది.

నవ్వడానికి నాకూ ఒకటి దొరికింది. నీ పోగు పీచులు లేచి తెగేటట్టు ఉంటే పిట్టను మళ్ళీ పట్టి కొత్త పోగు కట్టాం. పాతదాన్ని ముడి విప్పకుండా కత్తిరించి ఇందులో పెట్టి పంపుతున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చూడు. పోగు కుళ్ళినా పోని నీ లక్క ఎరుపు వాడిపోయిన వంకాయ రంగుకు వచ్చింది. ఎర్రది తెల్లబడకపోయినా, నీ ఎరుపు మాత్రం నిలవలేదు. ఇప్పుడు చెప్పు, రంగుల్లో సున్నా ఎవరు?

హనుమంతరాయుడు

---

ధర్మవరం,
డిసెంబరు 1938

రాయుడూ,

పోగు అందింది.

మీ దాసప్ప ఎలా ఉన్నాడు? పెనుకొండ కొండగాలి చలికాలం మంచిది కాదు. దట్టమైన దుప్పటి ఒకటి పంపుతున్నాను. సేద్యగాడు గదా అని పశువుల కొట్టంలో పడుకోబెట్టకు. వాడికి ఎప్పుడైనా జ్వరం వచ్చిందా? వస్తే మిరియాల కషాయం తాగనని మొండికేస్తాడు, అలాంటివాళ్ళు. బెల్లం వేసి ఇవ్వాలి.

అమ్మ కొబ్బరి ఓళిగలు చేసింది. గుడ్డలో కట్టి పంపుతున్నాను. దాసప్పకే ఇవ్వు. నువ్వు తినొద్దు.

పందెం మూడు చలికాలాలనుకున్నాం. నాలుగైనా నాకేమీ అభ్యంతరం లేదు.

చెన్నకేశవులు

---

పెనుకొండ,
జనవరి 1939

చెన్నకేశవా,

నీ ఒంట్లో బాగుందా? నీ రంగును వంకాయ అన్నాను. నాలుగు పేజీల తిట్లు వస్తాయని కమలాక్షితో చెప్పి మరీ కాచుకుని కూర్చుంటే, ఓళిగలు వచ్చాయి. ఒకరి సేద్యగాడికి దుప్పట్లు పంపే మనిషివి ఎప్పటి నుంచి అయ్యావు?

ఏమైనా నువ్వు చెప్పినట్టే చేశాను. దాసప్ప ఒక ఓళిగ తిన్నాడు, రెండోది సగం తిన్నాడు. తర్వాత లేచి బావి దగ్గరికి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఏమప్పా అంటే "కారం తగిలిందన్నా" అన్నాడు. తీపి ఓళిగలో కారమేమిటో నాకు అర్థం కాలేదు. దుప్పటి మాత్రం పగలు కూడా వదలడం లేదు.

పిట్ట బాగుంది, ఇంకా ఎరుపే. ఈ మధ్య తొట్టి దగ్గర తెల్ల పిట్ట ఒకటి చేరి దీన్ని తరుముతోంది. తన చిన్నతనం తనకు గుర్తులేదు కాబోలు.

హనుమంతరాయుడు

---

ధర్మవరం,
నవంబరు 1939

రాయుడూ,

పిట్ట వచ్చిందా?

యుద్ధం వచ్చి జర్మనీ రంగులు దొరకడం లేదు. ఉన్న రంగులు ముట్టుకుంటే మండుతున్నాయి. మళ్ళీ లక్కకూ, పసుపుకూ దిగాం. మా వీధిలో అందరూ యుద్ధం సంగతులు మాట్లాడుకుంటూ ఉంటే, నేను పోస్టుబంట్రోతు కోసం అరుగు మీద కూర్చుంటున్నాను. అమ్మ కూడా రోజూ అడుగుతోంది, "పిట్టొచ్చెనా, తెల్లబడెనా" అని. ఆమెకు పిట్టల మీద ఇంత ప్రేమ ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

వెంటనే రాయి. కార్డు ముక్క అయినా సరే.

చెన్నకేశవులు

---

పెనుకొండ,
డిసెంబరు 1939

చెన్నకేశవా,

రాలేదు.

తెల్లవి రెండు వచ్చాయి, వాటి కాళ్ళకు ఏమీ లేదు. పొట్టితోక ఎర్రవి నాలుగైదు వచ్చాయి. మన పిట్ట కొమ్మ మాత్రం ఖాళీగా ఉంది. ఏ డేగ ఎత్తుకుపోయిందో, ఏ కొండ మీద తుఫానులో చిక్కిందో. ఇంత చిన్న ప్రాణం అంత దూరం నుంచి రెండుసార్లు వచ్చి పోవడమే గొప్ప. నాకు పందెం పోయినందుకు కాదు, పిట్ట పోయినందుకు బాధగా ఉంది. నిజానికి రెంటికీ బాధగానే ఉంది.

నువ్వే గెలిచావు. హిందూపురం సంతకు ఎప్పుడు రమ్మంటావో చెప్పు. మూట మరీ బరువు పెట్టకు.

ఇంకో మాట. దాసప్ప మా దగ్గర మానేసి బెంగళూరు మిల్లుకు పోతానంటున్నాడు. చిలమత్తూరు వాళ్ళు కొందరు పోతున్నారు, వాళ్ళతో కలిసి. పిట్ట రాలేదని తెలిసిన రోజు నుంచి ఇదే పాట. "ఇంగ ఈడ నాకేం పనుండాదన్నా" అంటాడు. ఆపుదామని చూశాను, వినడం లేదు.

హనుమంతరాయుడు

---

ధర్మవరం,
డిసెంబరు 1939

రాయుడూ,

ఉత్తరం అందిన గంటలోనే రాసి రైలు తపాలాకు ఇస్తున్నాను. దాసప్పను వారం రోజులు ఆపు. కాళ్ళు పట్టుకో, తలుపుకు గొళ్ళెం పెట్టు, కమలాక్షిని ఏడవమను, ఏదైనా చెయ్యి. మిల్లులో దుమ్ము వాడి ఛాతీకి పడదు.

నువ్వు ఇంత తెలివితక్కువ వాడివని నాకు తెలియదు. పెనుకొండలో సున్నం దొరకదా? ఏదో ఒక ఎర్ర పిట్టను పట్టి, పైన కాస్త సున్నం రాసి, కాలికి పోగు కట్టి, తెల్లబడిందని నాకు ఒక్క కార్డు ముక్క రాయి. నేను వచ్చి చూడను. నా కళ్ళజోడు పగిలిందని ఇప్పుడే చెబుతున్నాను. వంకాయ రంగు పోగు కట్టినా లక్క ఎరుపే అంటాను.

చెన్నకేశవులు

---

పెనుకొండ,
డిసెంబరు 1939

చెన్నకేశవా,

నీ సున్నం ఉత్తరం చదివాను. బిగ్గరగా నవ్వాను. కమలాక్షి పరుగెత్తుకుంటూ వచ్చి చదివి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇక దాచి లాభం లేదు, దాచడానికి ఏమీ మిగల్లేదు కూడా.

ఓబులేసు మూడేళ్ళుగా మా ఇంట్లోనే ఉన్నాడు. హిందూపురం నుంచి జ్వరంతో నడుచుకుంటూ వచ్చాడు, ద్రౌపది కాటుక కూడా సరిగ్గా కడుక్కోలేదు. నీకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. "అన్న పిలిస్తేనే పోతా. జాలిపడి రమ్మంటే మాత్రం పోను" అన్నాడు. జాలి లేకుండా నిన్ను కదిలించాలంటే పందెం తప్ప నాకు దారి దొరకలేదు. వల అల్లింది వాడు, ముడి వేసింది వాడు, దాసప్ప పేరుతో నీకు రాసినదంతా వాడి సంగతే. అసలు దాసప్ప అనేవాడు మా ఇంట్లో వేరే ఉన్నాడు. తన పేరుతో వచ్చిన ఓళిగల్లో ఒక్కటి కూడా తనకు దక్కలేదని ఇప్పుడు తెలిసి, నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

నీ ఉత్తరం ఓబులేసు చేతికిచ్చాను. చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. "అన్న సున్నం పుయ్యమన్నాడా? మా అన్నేనా?" అని అడిగాడు. మూట విప్పి బట్టలు మళ్ళీ కొయ్యకు తగిలించాడు.

ఇప్పుడు అసలు మాట విను. సున్నం అక్కర్లేకపోయింది. నిన్న మధ్యాహ్నం ఎద్దులను విప్పగానే, కొమ్మ మీద మన పిట్ట! ఆలస్యంగా వచ్చింది, దర్జాగా వచ్చింది. కాలికి నీ పోగు. వీపు తెల్లబడింది, అక్కడక్కడ ఇంకా ఇటుకరంగు మరకలు ఉన్నాయి. తోక చూస్తే నవ్వు ఆగదు. కుడి ఈక తెల్లగా మెరుస్తోంది, ఎడమ ఈక పాత ఎరుపే. నీళ్ళలోకి దూకి పైకి వచ్చి, తోక దులుపుకుని, మా ఇద్దరినీ చూసి "చ్వే" అంది.

నువ్వే తీర్పు చెప్పు. సగం తెల్లబడితే నేను గెలిచినట్టా, నువ్వు గెలిచినట్టా? ఇంతకీ నీకు ఎప్పుడు తెలిసింది?

హనుమంతరాయుడు

---

ధర్మవరం,
డిసెంబరు 1939

రాయుడూ,

నేనే ఓడాను. ఎరుపు మీద తెలుపు వచ్చిందంటే అద్దకం గురించి నాకు తెలిసిందంతా తప్పని తేలింది. మిగతా సగం దాని తీరిక మీద మార్చుకుంటుంది.

ఎప్పుడు తెలిసిందని అడిగావు. పోయినేడు రంగు చూడమని నువ్వు పాత పోగు పంపావే, అప్పుడు. రంగు నేను చూడనే లేదు, ముడి చూశాను. తెగిన పోగును అతికే ఆ ముడి మా నాయన మాకు నేర్పింది. నా చేతిలో దాని కొస కుడివైపుకు పడుకుంటుంది. అదే ముడి ఎడమవైపుకు పడుకునేది ఒక్కడి చేతిలోనే. అమ్మ చేతిలో పెట్టాను. ఆమెకు చూపు లేదు గదా, వేలికొసతో తడిమి, "నా చిన్నోడు బతికుండాడు" అనింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు, ఓళిగలు మాత్రం చేశారు.

మా నాయన ఆ చేతిని గుంజకు కట్టి కొట్టిన రోజులు గుర్తొచ్చాయి. ఆ దెబ్బలకు వాడి వాటం మారి ఉంటే, ఈ రోజు నా తమ్ముణ్ణి నేను ఎలా గుర్తుపట్టేవాణ్ణి?

తెలిసి కూడా ఏడాది ఎందుకు ఆగావంటావు. పెద్దల ముందు అన్న మాట నాకు అడ్డం వచ్చింది. వెనక్కి తీసుకోవడానికి ఏదో ఒక సాకు కావాలి. నీ పందెం ఓడిపోతే చాలు, అదే నాకు సాకు. అందుకే నీ పిట్ట తెల్లబడాలని కదిరి నరసింహస్వామికి నీకంటే ఎక్కువ నేనే మొక్కుకున్నాను. నిన్న పెద్దలను పిలిచి పందెం కథంతా చెప్పాను. సగం మంది నమ్మలేదు. మిగతావాళ్ళు మీ తోపు చూడటానికి వస్తామంటున్నారు. అన్నం పెట్టడానికి కమలాక్షికి ఓపిక ఉందో లేదో కనుక్కో.

ఆ పెళ్ళిచీరను కోసి పారేశానని రాశాను గదా, అబద్ధం. నేసిన సగాన్నీ, మిగిలిన పడుగు పోగులనూ అచ్చుతో సహా చుట్టి అటక మీద దాచాను. నిన్న దించి మగ్గానికి అతికాను. మిగిలిన సగం నేనే నేయగలను, కాని నా నేత వేరు, వాడి నేత వేరు. మొదలుపెట్టినవాడే ముగించాలి. ఎవరికి అమ్ముదామని అడిగితే అమ్మ కొట్టినంత పని చేసింది. ఆ చీర ఆమె చిన్నకోడలు కట్టుకోవాలంట. ఆ పిల్ల ఎవరో, ఏ ఊళ్ళో ఉందో, అది కూడా నీ మీదే పెట్టింది.

వాడికి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఒరే ఓబులేసూ, అన్న పిలుస్తున్నాడు, ఇంటికి రా. జాలిపడి కాదు, పందెంలో ఓడి పిలుస్తున్నాను. శనివారం పాసింజరుకు ఎక్కు. స్టేషనుకు నేనే వస్తాను. మగ్గం గుంత ఊడ్పించాను, నాడె ఎడమవైపు పెట్టి ఉంచాను.

చెన్నకేశవులు